జేబు సర్వరు: చేతిపని యెంత, చదువెంత?

గెలీనా రాయి, చుట్టిన రాగితీగ, చెవికి తగిలించుకొను ఫోను: వీనితో రేడియోను కట్టి విన్న విద్యార్థికి ఒకప్పుడు ఒక మేలు జరిగెడిది. ఆ యంత్రములో దాగిన భాగమేదియు లేదు. తీగచుట్టలో చుట్లను మార్చిన స్టేషను మారును. రాయిపై సూదిని వెంట్రుకవాసి జరిపిన ధ్వని పోవును. తప్పు చేసిన ప్రతిసారియు కారణము కంటి యెదుటనే ఉండెడిది.

నేడు ఆ క్రిస్టల్ సెట్టు స్థానమునకు వచ్చిన వినోద నిర్మాణములలో చిన్న వెబ్ సర్వరు ఒకటి. వ్రేలెడు పొడవు గల ఎలక్ట్రానిక్ బోర్డు, సెల్‌ఫోనులకు వాడు పవరు బ్యాంకు, ఒక యుఎస్‌బి తీగ: వస్తువు లింతే. బోర్డులో ప్రోగ్రామును నింపి విద్యుత్తు నిచ్చినచో అది తన చుట్టు ఒక వై-ఫై వలయము నేర్పరచును. దగ్గరనున్న ఫోను ఆ వలయములో చేరి, బ్రౌజరులో 192.168.4.1 వంటి చిరునామాను కొట్టగానే బోర్డు తనలోని పుటను పంపును. ఇంటర్నెట్ అక్కరలేదు, సిమ్ కార్డు అక్కరలేదు. యంత్రమును సంచిలో వేసికొని ఎచ్చటికైనను పోవచ్చును.

నీతి ఆయోగ్ 2016లో ఆరంభించిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల వలన ఇట్టి బోర్డులు ఉన్నత పాఠశాలల బల్లలపైకి వచ్చినవి. వీనిని కట్టు విధమును బోధించు రచనలును కొల్లలుగా వచ్చినవి. వానిలో పెక్కింటి పోలిక ఒక్కటే. మొదట వస్తువుల పట్టిక, తరువాత తీగల చిత్రము, తరువాత నకలు చేసికొనవలసిన ప్రోగ్రాము, చివర ఫోనుపై వెలిగిన ఒక పలకరింపు వాక్యము. ఈ నిర్మాణ రచనల గుణదోషములను విచారించుట అవసరము. యంత్రము పనిచేయునా అన్నది ప్రశ్న కాదు, పనిచేయును. అది పనిచేసిన పిమ్మట విద్యార్థికి ఏమి తెలిసినది అన్నదే ప్రశ్న.

విచారణ గాలిలో సాగకుండుటకు ఒక ఊరిని ఎదుట నుంచుకొనుట మంచిది. అనకాపల్లి జిల్లాలో నర్సీపట్నము చేరువను, వరాహ నది ఒడ్డున బలిఘట్టం కలదు. బలిచక్రవర్తి యజ్ఞము చేసిన చోటని స్థలపురాణము. బ్రహ్మలింగేశ్వరుని గుడి, అచ్చట ఉత్తరముగా తిరిగి పారు నది ఊరికి పేరు తెచ్చినవి. నర్సీపట్నము మన్యమునకు వాకిలి వంటిది. చింతపల్లి వైపు ఘాటురోడ్డు ఎక్కిన కొలది ఫోనులో సంకేతపు గీతలు ఒక్కొక్కటిగా తగ్గుట ఆ దారిని పోవువారికి తెలిసినదే. ఇంటర్నెట్ అందని తరగతి గదికి పుస్తకములను మోసికొనిపోవు యంత్రమునకు ఇంతకంటె తగిన పరీక్షాస్థలము అరుదు. బలిఘట్టంలో సిద్ధమై మన్యములోని ఒక బడికి చేరు పెట్టెను ఊహించుకొని, నిర్మాణ రచనలు చెప్పు మాటలను దానిపై తూచి చూడవచ్చును.

సర్వరు అనగానేమి?

సర్వరు అనగా చల్లని గదిలో వరుసగా నిలిపిన పెద్ద యంత్రమని చాలమంది అనుకొందురు. నిజమునకు అది యంత్రము పేరు కాదు, యంత్రము చేయు పని పేరు. గ్రంథాలయములో చదువరి చీటీ వ్రాసి యిచ్చును. గుమాస్తా ఆ పుస్తకమును తెచ్చి యిచ్చును, లేకున్న లేదని చెప్పును. వెబ్ సర్వరు చేయునది ఇంతే. చీటీపై వ్రాయవలసిన రీతికి హెచ్‌టీటీపీ అని పేరు.

ఐరోపాలోని సెర్న్ పరిశోధనశాలలో టిమ్ బెర్నర్స్-లీ 1990 చివర నడిపిన మొదటి వెబ్ సర్వరు ఒక మేజాబల్లపై పట్టిన నెక్స్ట్ కంప్యూటరు. ఎవరైనను పొరపాటున ఆపివేయుదురని, ఇది సర్వరు, దీనిని ఆపవద్దని ఎర్ర సిరాతో వ్రాసిన చీటీ నొకదానిని దానికి అంటించిరి. ఆనాటి అడుగు పద్ధతి ఒక్క పంక్తి మాత్రమే: 'గెట్' అను మాట, దాని ప్రక్కన కావలసిన పుట పేరు. తరువాత మరికొన్ని మర్యాదలు చేరినవి. నేడు సర్వరు ఇచ్చు ప్రత్యుత్తరములో నాలుగు భాగము లుండును. మొదటి పంక్తిలో ఫలితమును తెలుపు అంకె: దొరికినచో 200, దొరకకున్న 404. పిమ్మట పంపుచున్న వస్తువు ఎట్టిదో, ఎంత పొడవో తెలుపు శీర్షిక పంక్తులు. ఆ తరువాత ఒక ఖాళీ పంక్తి. చివర అసలు పుట. ఆ ఖాళీ పంక్తి లేకున్న శీర్షిక ఎచ్చట ముగిసెనో, పుట ఎచ్చట మొదలయ్యెనో బ్రౌజరునకు తెలియదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి అర్థము చేసికొనలేనిది ఇందులో ఏమియు లేదు.

అగ్గిపుల్ల తల

చిన్న సర్వరు నిన్నటి ముచ్చట కాదు. 1999లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున హరిహరసుబ్రహ్మణ్యన్ శ్రీకుమార్ అను భారతీయుడు అగ్గిపుల్ల తలయంత వెబ్ సర్వరును చేసి చూపెను. అందులోని చిప్పు పిక్ 12సి509ఎ. దానికి ఎనిమిది కాళ్లు. పనిచేయునపుడు విషయమును నిలుపుకొను జ్ఞాపకము 41 బైట్లు మాత్రమే. పుటలను నిలుపుటకు ప్రక్కన మరియొక చిన్న చిప్పు నుంచెను. పెద్ద పుటనంతయు ఒకేసారి తనలో నిలుపుకొను చోటు లేనందున, ఆ సర్వరు కొంచెము చదివి కొంచెము పంపుచు పని గడపవలసివచ్చెను. ఇరుకు చోటులో బుద్ధి ఎట్లు పనిచేయునో తెలుపుటకు ఇది మంచి ఉదాహరణము.

ఆ వెనుక బోర్డుల కాలము వచ్చినది. రాస్ప్‌బెర్రీ పై 2012లోను, షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ సంస్థ చేసిన ఈఎస్‌పీ8266 అను వై-ఫై చిప్పు 2014లోను వెలువడినవి. మొదటిది లినక్సుతో నడచు పూర్తి కంప్యూటరు. రెండవది సెకనుకు 8 కోట్ల స్పందనల వేగముతో నడచు చిన్న చిప్పు. దానిని ధరించిన బోర్డులలో సామాన్యముగా 4 మెగాబైట్ల నిలువచోటు ఉండును. నేటి నిర్మాణ రచనలలో అధిక భాగము ఈ రెండింటి చుట్టు తిరుగుచున్నవి.

మెచ్చుకొనదగిన గుణములు

ఈ రచనలకు గల గుణములను ముందుగా చెప్పుట న్యాయము. అవి తక్కువ ఖర్చుతో కూడిన పనిని ఎన్నుకొన్నవి. ఈ చిప్పు నడచునది 3.3 వోల్టుల మీద గనుక ఇంటి కరెంటుతో పని చేయునపుడు కలుగు ప్రాణభయము లేదు. వై-ఫై వాడు 2.4 గిగాహెర్ట్జ్ తరంగపట్టీకి భారత ప్రభుత్వము 2005లో లైసెన్సు మినహాయింపు నిచ్చినది; కాబట్టి పరిమిత శక్తితో నడచు ఇట్టి యంత్రమునకు అనుమతి పత్రము అక్కరలేదు. అన్నింటికంటె మిన్నయైన గుణము మరియొకటి కలదు. వెబ్బు అనునది ఎచ్చటనో దూరదేశములో ఇతరులు నడుపు మాయ అను భ్రమను ఇవి పోగొట్టును. పుట తన చేతిలోని బోర్డు నుండి వచ్చుట చూచిన విద్యార్థి వెబ్బునకు వినియోగదారుడుగా మాత్రమే మిగులడు. ఈ మేలును ఎవరును కాదనరాదు.

మరుగుపడిన పాఠము

దోషము ఇచ్చటనే మొదలగును. రచనలో ఇచ్చిన ప్రోగ్రాము ఇరువది, ముప్పది పంక్తులుండును. వానిలో ఒక పంక్తి "సర్వరు ఆరంభమగు గాక" అని చెప్పును. మరియొకటి "ఎవరైన అడిగిన ఈ వాక్యము పంపు" అని చెప్పును. మిగిలిన పని యంతయు లైబ్రరీలు అను సిద్ధముగా వ్రాసియుంచిన ప్రోగ్రాముల పాలు. ఈఎస్‌పీ బోర్డులో ఆ పని చేయు ముఖ్యభాగము పేరు ఎల్‌డబ్ల్యుఐపీ. స్వీడన్ దేశపు కంప్యూటర్ శాస్త్ర పరిశోధన సంస్థలో ఆడమ్ డంకెల్స్ దానిని మొదట వ్రాసెను. సందేశమును పొట్లములుగా విడదీయుట, దారిలో పోయిన పొట్లమును మరల పంపుట, వెనుకముందులుగా చేరినవానిని సరిచేయుట మొదలగు కష్టమైన పనులన్నియు అందులో జరుగుచున్నవి.

ఇతరులు వ్రాసిన లైబ్రరీని వాడుట తప్పు కాదు. కుమ్మరి మట్టిని తాను సృష్టించడు. దానిని వాడుచున్నామని చెప్పకపోవుటయే తప్పు. క్రిస్టల్ సెట్టులో సూది జరిగిన కారణము కనబడెడిది. ఇచ్చట పుట రాకపోయిన విద్యార్థి చేయగలిగినది ప్రోగ్రామును మరల నకలు చేయుట, బోర్డు మీది బొత్తాము నొక్కుట మాత్రమే. ఏ అంతస్తులో లోపమున్నదో అతనికి తెలియదు, ఏలయన అంతస్తులున్నవనియే రచన చెప్పలేదు.

వైజ్ఞానిక ప్రదర్శనలో ఇట్టి యంత్రమును పరీక్షించు ఉపాధ్యాయునకు ఒక్క ప్రశ్న చాలును: "లేని పుటను అడిగిన నీ సర్వరు ఏమి చెప్పును?" ప్రోగ్రామును చదివిన విద్యార్థి 404 అను అంకెను పంపు చోటును వ్రేలితో చూపును. నకలు చేసినవాడు బోర్డు వంక చూచును. యంత్రము రెండు బల్లల మీదను ఒకే తీరున పనిచేయుచుండును. వెలుగు దీపమును చూచి బహుమతి నిచ్చిన ఈ ఇద్దరి నడుమ భేదము కనబడదు.

ఊరి పేరు చేయు పరీక్ష

నిర్మాణ రచనలలో రెండవ దోషము ఆంగ్ల వాక్యములతోనే ఉదాహరణ ముగించుట. ఇది భాషాభిమానమునకు సంబంధించిన ఆక్షేపణ కాదు, శాస్త్రమునకు సంబంధించినది. ఆంగ్లాక్షరములతో చూపిన ఉదాహరణ ఒక తప్పును కప్పిపుచ్చును. తెలుగక్షరములు ఆ తప్పును బయటపెట్టును.

కంప్యూటరులు లిపులను నిలుపుటకు వాడు యూనికోడ్ పట్టికలో ప్రతి గుర్తునకు ఒక సంఖ్య కలదు. ఆ సంఖ్యను బైట్లుగా మార్చు పద్ధతులలో వెబ్బున వాడుకలో నున్నది యూటీఎఫ్-8. ఈ పద్ధతిలో సామాన్య ఆంగ్లాక్షరమునకు ఒక బైటు, తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. బలిఘట్టం అను పేరును చూడుడు. కంటికి అందులో నాలుగు అక్షరములే. యూనికోడ్ లెక్కలో అవి ఎనిమిది గుర్తులు: బ, ల, గుడి, ఘ, ట, పొల్లు, ట, సున్న. ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున మొత్తము 24 బైట్లు. ఆ పేరునే ఆంగ్లాక్షరములలో వ్రాసినచో 11 అక్షరములు, 11 బైట్లు.

ఇప్పుడు సర్వరు పంపు శీర్షికలో పుట పొడవును తెలుపు పంక్తిని తలచుకొనవలెను. అందు వ్రాయవలసినది బైట్ల సంఖ్య. మైక్రోపైథాన్ భాషలో ప్రోగ్రాము వ్రాయు విద్యార్థి పొడవును కొలుచు 'లెన్' అను సాధనమును వాక్యముపై తిన్నగా ప్రయోగించిన వచ్చు జవాబు గుర్తుల సంఖ్య, బైట్ల సంఖ్య కాదు. ఆంగ్లములో రెండును 11 కనుక పుట చక్కగా వచ్చును. తప్పు తప్పుగా కనబడదు. తెలుగులో సాధనము 8 అని చెప్పును, పంపవలసినవి 24. బ్రౌజరు శీర్షికను నమ్మి ఎనిమిది బైట్లు తీసికొని ఆగిపోవును. ఆరు బైట్లతో బ, ల అను రెండు గుర్తులు పూర్తియగును. మిగిలిన రెండు బైట్లు గుడికి చెందిన మూడింటిలో మొదటి రెండు. అది సగము గుర్తు గనుక బ్రౌజరు దానిని చూపలేక ప్రశ్నార్థకము గల ఒక చిన్న చిహ్నము నుంచును. ఊరి పేరు "బల" అను రెండక్షరముల వద్ద తెగిపోవును. వాక్యమును మొదట బైట్లుగా మార్చి, పిమ్మట పొడవును కొలిచిన ఈ దోషము తొలగును. ఆర్డుయినో పద్ధతిలో పొడవు బైట్లలోనే వచ్చును గనుక అచ్చట ఈ చిక్కు లేదు. ఎచ్చట ఉన్నదో, ఎచ్చట లేదో, ఏల లేదో తెలిసికొనుటయే చదువు.

మరియొక చిక్కు ఏ భాషలో ప్రోగ్రాము వ్రాసినను తప్పదు. పంపినది యూటీఎఫ్-8 పద్ధతి అని శీర్షికలో చెప్పకున్న బ్రౌజరు తన ఊహను అనుసరించును. ఊహ తప్పినచో తెలుగునకు బదులు తలపై గీతలు గల లాటిన్ అక్షరములు వరుసగా కనబడును. దానికి కారణమును బైట్లలోనే చూడవచ్చును. బ అను అక్షరము యొక్క మూడు బైట్లు 224, 176, 172. ల అను దానివి 224, 176, 178. తెలుగు గుర్తు ఏదైనను మొదటి బైటు 224 యే. రెండవది 176 గాని, 177 గాని. అందుచేతనే ఆ పాడైన పుటలో ఒకే వింత అక్షరము ప్రతి మూడవచోట తిరిగి వచ్చుచుండును. ఈ పునరుక్తి వలన ఒక లాభము కూడ కలదు. ఒకే బైటు మాటిమాటికి వచ్చు పాఠమును జిప్ వంటి కుదింపు పద్ధతులు బాగుగా కుదించును. పుటలను కుదించి బోర్డులో నిలిపి, కుదించితినని శీర్షికలో చెప్పిన ఫోనులోని బ్రౌజరు తానే వానిని విప్పుకొనును.

అగ్గిపుల్ల తలయంత సర్వరును ఇచ్చట మరల తలచుకొనవచ్చును. దాని జ్ఞాపకము 41 బైట్లు. అందులో బలిఘట్టం అను ఒక్క పేరునకే 24 చెల్లిపోవును. ఇట్టి లెక్క వేసిన విద్యార్థి బైటు అను మాటను మరువడు. ఆంగ్ల పలకరింపుతో ముగిసిన రచన ఈ అవకాశము నంతటిని వదలివేసినది.

గంటల లెక్క

పెట్టె మన్యపు బడికి పోవలెనన్న విద్యుత్తు ముఖ్యము. రచనలలో తరచుగా కనబడు లెక్క యిట్టిది: పవరు బ్యాంకుపై 10,000 మిల్లీయాంపియర్ గంటలని ఉన్నది, బోర్డు 80 మిల్లీయాంపియర్లు తీసికొనును, భాగించిన 125 గంటలు. ఈ లెక్క తప్పు. పెట్టెపై వ్రాసిన సంఖ్య లోపలి ఘటములకు చెందినది. వాని వోల్టేజి సుమారు 3.7. బోర్డునకు అందునది 5 వోల్టులు. వోల్టేజి వేరైనపుడు యాంపియర్లను పోల్చరాదు, శక్తిని పోల్చవలెను. 10 యాంపియర్ గంటలను 3.7తో గుణించిన 37 వాట్ గంటలు. 5 వోల్టుల వద్ద 80 మిల్లీయాంపియర్లనగా 0.4 వాటు. మార్పిడిలో నూటికి 15 వంతులు పోయినవనుకొనిన మిగులునది 31 వాట్ గంటలు, దానిని 0.4తో భాగించిన సుమారు 78 గంటలు. 125కును 78కిని భేదము రెండు దినములకు కొంచెము తక్కువ. పదవ తరగతి భౌతికశాస్త్రములోని విద్యుత్సామర్థ్యపు పాఠమునకు ఇంతకంటె చక్కని లెక్క దొరకదు.

ఆ 80 అను సంఖ్యయు స్థిరమైనది కాదు. ఈఎస్‌పీ8266 సంకేతమును పంపు క్షణములో సుమారు 170 మిల్లీయాంపియర్ల వరకు లాగును. మిగిలిన సమయములో తక్కువ. మల్టీమీటరును వరుసలో కలిపి కొలిచి చూడుమని చెప్పిన రచన మేలైనది. మరియొక అనుభవము కూడ చెప్పవలసియున్నది: తీసికొను ప్రవాహము మిక్కిలి తక్కువైనచో కొన్ని పవరు బ్యాంకులు ఫోను నిండినదని భావించి తామే ఆగిపోవును. యంత్రములో తప్పు లేకయే పుట మాయమగును. కొనుటకు ముందు బోర్డుతో కలిపి పరీక్షించుట ఒక్కటే దీనికి మందు.

నలుగురికా, నలుబదిమందికా?

"తరగతి అంతయు ఒకేసారి చదువవచ్చును" అను వాక్యము ఈ రచనలలో తరచుగా వినబడును. ఈఎస్‌పీ8266ను ఆర్డుయినో పద్ధతిలో వై-ఫై వలయముగా నడిపినపుడు, ప్రత్యేకముగా మార్చకున్న చేర్చుకొను ఫోనులు నాలుగు; మార్చినను ఎనిమిది మించవు. నలుబదిమంది గల తరగతిలో అయిదవ ఫోను తలుపు వద్దనే నిలిచిపోవును. పెద్ద తరగతికి రాస్ప్‌బెర్రీ పై వంటి బోర్డు గాని, ప్రత్యేకమైన వై-ఫై రౌటరు గాని కావలెను. అట్లని చిన్న బోర్డు పనికిరాదని కాదు. ఇంటర్నెట్ తీరున ఒక్కొక్క జట్టు వంతులవారీగా చేరి పుటను దించుకొని విడిపోవచ్చును. పరిమితిని చెప్పి పని నేర్పిన రచనను నమ్మవచ్చును; చెప్పక ఆశపెట్టిన రచన ఉపాధ్యాయుని తరగతి ముందర నవ్వులపాలు చేయును.

ఫోనుల స్వభావము కూడ ఒక అడ్డంకి. వై-ఫైలో చేరిన వెంటనే ఫోను ఇంటర్నెట్ ఉన్నదా అని పరీక్షించును. లేదని తెలిసిన కొన్ని ఫోనులు చడిచప్పుడు లేక మొబైల్ డేటాకు మారిపోవును, అప్పుడు 192.168.4.1 అను చిరునామా దొరకదు. డేటాను ఆపి చూచిన పుట వచ్చును. రాస్ప్‌బెర్రీ పై వాడువారికి వేరొక హెచ్చరిక అవసరము. అది వ్రాయుచున్న సమయములో తీగను లాగివేసిన ఎస్‌డీ కార్డులోని ఫైళ్లు చెడవచ్చును. సెర్న్‌లో ఆనాడు అంటించిన ఎర్ర సిరా చీటీ ఈనాటి జేబు సర్వరునకును తగినదే.

తాళము లేని తలుపు

భద్రతను గూర్చి పెక్కు రచనలు మౌనము వహించుట మూడవ దోషము. వై-ఫై సంకేతపదమును ప్రోగ్రాములోనే వ్రాసి, ఆ ప్రోగ్రామును అందరికి పంచుట పరిపాటి యైనది. సంకేతపదమే లేని వలయమైన దారిన పోవువాడును అందులో చేరగలడు. సాదా హెచ్‌టీటీపీలో పుటయు, పుటలో నింపిన పేర్లును పోస్టు కార్డుపై వ్రాత వలె దాపరికము లేక పోవుచుండును. బ్రౌజరు చిరునామా ప్రక్కన సురక్షితము కాదని చూపునది ఇందుకే.

పాఠ్యపుటలను పంపుటకు ఇది పెద్ద హాని కాదు. పాఠము దాచవలసిన వస్తువు కాదు గదా! విద్యార్థుల మార్కులు, ఫోను సంఖ్యలు, ఆరోగ్య వివరములు ఇట్టి పెట్టెలో ఉంచుట మాత్రము తగదు. ఏది పంచదగినది, ఏది దాచదగినది అను వివేకము కూడ ఈ నిర్మాణములో ఒక భాగము. ఒక్క పేరాలో దీనిని చెప్పిన రచనకు మరియొక పది పుటల విలువ చేకూరును.

పెట్టెలో ఏముండవలెను?

అన్నింటికంటె పెద్ద లోటు వేరొకటి కలదు. రచన ముగియువేళకు విద్యార్థి చేతిలో నున్నది ఒక వాక్యమును పంపు యంత్రము. అది పుస్తకములు లేని అలమార.

అలమారను నింపు ఆలోచనతో సాగిన ప్రయత్నములు లోకములో కలవు. న్యూయార్కు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డేవిడ్ డార్ట్స్ 2011లో పైరేట్ బాక్సు అను పెట్టెను రూపొందించెను. ఇంటర్నెట్‌తో సంబంధము లేక, దగ్గరివారు ఫైళ్లను పంచుకొనుటకు ఉద్దేశించిన ఆ ప్రయత్నము 2019లో ముగిసెను. దాని నుండి పుట్టినది జేసన్ గ్రిఫీ అను గ్రంథాలయ నిపుణుని లైబ్రరీ బాక్సు. గ్రంథాలయము లేని చోటికి పుస్తకములను చేర్చుట దాని ఉద్దేశము. ఎబెన్ మోగ్లెన్ 2010లో ప్రతిపాదించిన ఫ్రీడం బాక్సు మరియొక దారిది: ఎవరి సమాచారము వారి ఇంటిలోని చిన్న సర్వరులో ఉండవలెనని దాని వాదము. హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ కార్యకర్తలు ఈ ఫ్రీడం బాక్సును తెలుగు నేలపై ప్రచారము చేసిరి. ఈ ప్రయత్నము లన్నింటిలోను గమనింపదగినది ఒక్కటే. వీనికి విలువ నిచ్చినది బోర్డు కాదు. లోపల ఉంచిన వస్తువును గూర్చిన ఆలోచన.

తెలుగు బడికి వస్తువు కరవు లేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. పేరు పేర్కొని, అదే షరతుతో ఇతరులకు ఇచ్చు నియమమును పాటించినవారు దాని వ్యాసములను నకలు చేసికొనవచ్చును. కివిక్స్ అను సాఫ్ట్‌వేరు దానిని ఇంటర్నెట్ లేక చదువుటకు తగిన ఫైలుగా అందించుచున్నది. రాస్ప్‌బెర్రీ పై ఆ ఫైలును వై-ఫైపై పంచగలదు. ఈఎస్‌పీ బోర్డులో అంత చోటు లేదు. దానిలో 2 మెగాబైట్లు పుటలకు కేటాయించిన, మూడు బైట్ల చొప్పున సుమారు 6 లక్షల 60 వేల తెలుగు గుర్తులు పట్టును. పుటకు 1,500 గుర్తుల చొప్పున 200 పుటల పుస్తకములు రెండు. కుదించిన మరికొన్ని. చిన్న అలమారయే గాని, ఖాళీ అలమార కాదు.

విద్యార్థులు తామే వ్రాయదగిన పుటలును కలవు. వరాహ నదిలో నీటిమట్టము ఏ నెలలో ఎట్లున్నదో కొలిచి వ్రాసిన పట్టిక, ఊరి చెట్ల పేర్లు, బడి ఆవరణలో కొలిచిన వానలెక్క: ఇవి ఏ వెబ్బులోను సిద్ధముగా దొరకవు. వీనిని చేర్చిన సర్వరు ఇతరుల సర్వరునకు నకలు కాజాలదు.

ఉపాధ్యాయులు పాటింపదగిన క్రమము

రచనలలోని క్రమమును కొంచెము మార్చిన దోషములు చాలవరకు తొలగును. మొదట బోర్డును ముట్టక, బడిలోని ఒక కంప్యూటరులో పైథాన్‌తో వచ్చు చిన్న సర్వరును నడిపి, వేరొక కంప్యూటరు నుండి 'గెట్' పంక్తిని విద్యార్థి చేతనే టైపు చేయించవలెను. ఖాళీ పంక్తి కొట్టువరకు సర్వరు మౌనముగా నుండుట, కొట్టగానే జవాబు వచ్చుట అతడు చూడవలెను. రెండవ దినము అదే పని బోర్డుతో. మూడవ దినము తన ఊరి పేరును తెలుగులో పంపి, తెగిన పేరును తానే సరిచేయవలెను. నాలుగవ దినము మల్టీమీటరుతో ప్రవాహమును కొలిచి గంటల లెక్క వేయవలెను. అయిదవ దినము పెట్టెలో ఏమి ఉంచవలెనో తరగతి కూర్చుండి నిర్ణయించవలెను. నకలు చేసిన ప్రోగ్రాము ఒక్క గంటలో ముగిసెడిది. ఇది ఒక వారము పట్టును. ఆ వారము వ్యర్థము కాదు.

జేబు సర్వరు మంచి నిర్మాణము. దానిని బోధించు రచనలు చెడ్డవి కావు, అసంపూర్ణములు. యంత్రము వెలిగిన చోట అవి ఆగిపోవుచున్నవి; పాఠము అచ్చటనే మొదలు కావలసియున్నది. ఫోనుపై "బల" అని తెగిన పేరును చూచి, మిగిలిన పదునారు బైట్లు ఎచ్చట పోయెనో వెదకి తెచ్చిన విద్యార్థి సర్వరును నిజముగా కట్టినవాడు.